తాసిల్దారమ్మ, బంట్రోతు, ఒక గుడ్డ చుట్ట

ఇంకా జానెడు ఉంది. మా నాయన జానతో జానెడు. ఆ జానెడు నేత అయిపోయి చీరను మగ్గం మీంచి కోసేలోపల, మూలనున్న చేపల గాజు తొట్టి వెనక నేను పొద్దున బిగించిన పెట్టెలో నీళ్ళు వడకట్టే తెల్లగుడ్డ చుట్ట దానంతట అది ఒక్కసారి తిరగాలి. తిరిగితే చేపలు ఈ ఇంట్లోనే ఉంటాయి. తిరగకపోతే రేపు పొద్దున రైలెక్కి హిందూపురం పోతాయి, దేవేంద్ర అంగడికి, అక్కడ ఎవరు ముందొస్తే వాళ్ళ సంచిలోకి, జత విడిపోయి. షరతు నాయనది, తీర్పు అవ్వది. నా నిజాయితీ మీద వాళ్ళిద్దరికీ ఎంత నమ్మకమంటే, నేను చాటుగా మీట నొక్కి చుట్ట తిప్పేస్తానని అవ్వ ఒక పట్టుదారపు చిలపను విప్పి నా రెండు చేతులకూ తగిలించి, ఎదురుగా రాట్నం వేసుకుని కూర్చుంది. నా చేతుల మీంచి దారం పోయి రాట్నానికి చుట్టుకుంటోంది. చేతులు దగ్గరికి తెస్తే చిలప జారి చిక్కు పడుతుంది, దూరం జరిపితే దారం తెగుతుంది. ఈ సంగతి పోలీసులకు తెలిస్తే బేడీలు కొనడం మానేస్తారు. నేరుగా నిల్చుకోరా మల్లీ, అంది అవ్వ. కూచోనుండాను కదవ్వా, అన్నాను. కూచోనే నేరుగా నిల్చుకో, అంది.

టక్, టక్. మగ్గం గుంటలో కాళ్ళు, చేతిలో అటూ ఇటూ పోగు విసిరే నాడె, నాయన వీపు నావైపు. ఆయన వీపును నేను ముఖం కంటే ఎక్కువగా చూశాను, అందులో కోపం ఎక్కడుంటుందో, నిద్ర ఎక్కడుంటుందో నాకు తెలుసు. ఇప్పుడు ఏదీ లేదు, నేత మాత్రమే ఉంది. మధ్యాహ్నం మూడు దాటింది, వీధిలో ఎండకు తారు మెత్తబడి నిన్న ఒకాయన చెప్పు అతుక్కుపోతే మున్సిపాలిటీ వాళ్ళొచ్చి తవ్వితీశారని నేను ఇప్పటికే నలుగురికి చెప్పాను, ఇద్దరు నమ్మారు. ఈ గది మాత్రం చల్లగా ఉంటుంది. మట్టి గోడలు, మట్టి నేల, నాయన కాళ్ళ గుంటలోంచి వచ్చే తేమ. పట్టుకు తేమ కావాలి, ఎండిపోతే పుటుక్కున తెగుతుంది. తొట్టి ఈ గదిలోకి రావడానికి కారణం కూడా అదే, ఊళ్ళో మనిషి, చేప, పట్టు ముగ్గురూ బతకగలిగిన గది ఇది ఒక్కటే. తొట్టి వచ్చినప్పట్నుంచి దారాలు తక్కువ తెగతాండాయని అవ్వ ఒకసారి అంది. వానొచ్చె కదమ్మా, అందుకే, అన్నాడు నాయన. ఆ నెల ధర్మవరంలో పడిన వానకు వక్కాకు కూడా తడవలేదు.

తొట్టిలో యాభై లీటర్ల సముద్రం ఉంది. నేనే చేశాను. ధర్మవరానికి సముద్రం ఎంత దూరమంటే, అక్కడ లేచిన అల ఇక్కడికి రావాలంటే గూడూరులో రైలు మారాలి. అందుకని ఉప్పు పొట్లం తెప్పించి, లీటరుకు ముప్పై అయిదు గ్రాముల లెక్కన బకెట్లో కలిపి, ఒక రాత్రి ఒక పగలు తిప్పి పోశాను. అవ్వకు డెబ్బై రెండేళ్ళు, సముద్రం చూడలేదు. మొదటిరోజు తొట్టిలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకుని కాసేపు ఆలోచించింది. ఉప్పు సరిపోయిందిరా, చింతపండు తక్కువుండాది, అంది. ఆ తర్వాత అందులో రాళ్ళు, ఇసుక, పిడికెడంత మెత్తని మొక్కలాంటి జీవం ఒకటి, చివర్న ఈ రెండు చేపలు. హిందూపురంలో దేవేంద్ర చేపల అంగడిలో నేను సీసీ కెమెరాలు బిగించడానికి పోయాను, నా ఉద్యోగం అదే, హిందూపురం నుంచి పెనుకొండ దాకా ఎవరింట్లో ఎవరు దొంగో నాకు ముందే తెలుస్తుంది. అంగడిలో వెనక అరలో ఇవి రెండూ ఉన్నాయి. నేను నిచ్చెన ఎక్కితే నిచ్చెన వైపు వచ్చాయి, దిగితే కిందికి వచ్చాయి. నాలుగు కెమెరాలు బిగించేదాకా నా పని మీద ఇన్‌స్పెక్షను చేశాయి. అట్లా జతగా తెచ్చుకున్నాను. ఆరంజి ఒళ్ళు, తెల్లపట్టీలు, పట్టీల పక్కన సన్నగా నల్లగీత. నాయన మొదటిసారి చూసినప్పుడు చేపలా అని అడగలేదు. అంచు బాగుండాది, అన్నాడు.

పెద్దది ఆడది, చిన్నది మొగది. పెద్దది ఎటు పోతే చిన్నది అటు పోతుంది, పెద్దది తిన్నాక తింటుంది, పెద్దది తోక విదిలిస్తే పక్కకు తిరిగి ఒళ్ళు వణికించి సలాం చేస్తుంది. అందుకే ఒకదాని పేరు తాసిల్దారమ్మ, రెండోదాని పేరు బంట్రోతు. పక్కింటి లక్ష్మక్క వారానికి ఒకసారి వచ్చి తొట్టి ముందు నిలబడి, ఏం మల్లీ, ఇవి ఎంత లావైనాక కోస్తారు, బుక్కపట్నం చెరువులో చేప మోచేయంత ఉంటాది కదా, ఇవేంది ఎదగడమే ల్యా, అంటుంది. ఎదగవక్కా, వీళ్ళ ప్రమోషన్ లిస్టు కోర్టులో ఉండాది, అంటాను. అయ్యో పాపం, అంటుంది. లక్ష్మక్క మంచిది. ఆమె తమ్ముడు నిజంగానే ప్రమోషన్ కోసం కోర్టులో ఉన్నాడు, ఆ తర్వాత నాకు కొంచెం సిగ్గేసింది, సాయంత్రానికి తగ్గింది.

టక్, టక్, టక్. దారం నా బొటనవేలు దాటి పోయినప్పుడల్లా చక్కిలిగిలి. నవ్వితే చేతులు కదుల్తాయి, కదిల్తే అవ్వ కళ్ళు లేస్తాయి. తొట్టి వెనక నీళ్ళు సన్నగా పెట్టెలోకి పోతున్న చప్పుడు, ఎవరో పక్కగదిలో బియ్యం కడుగుతున్నట్టు. పొద్దున తొమ్మిదికి పెట్టాను. గుడ్డ ఇప్పుడు చాయ్ రంగుకు వచ్చింది. తిరగదు, ఇంకా తిరగదు, గుడ్డకు మురికి పట్టి నీళ్ళు దిగడం ఆలస్యమై, పెట్టెలో మట్టం పెరిగి, లోపలి బెండు పైకి తేలితే అప్పుడు మోటారు లేస్తుంది. గుడ్డను నాలుగు వేళ్ళు లాగి మురికిది అటు చుట్టుకుంటుంది, ఇటునుంచి తెల్లది వస్తుంది. మళ్ళీ నిద్ర. నెలకో రెండు నెలలకో చుట్ట మారిస్తే చాలు. చేప ఎంత తొందరగా గలీజు చేస్తే అంత తొందరగా నాకు గెలుపు. పొద్దున్నుంచి వాటికి రెండుసార్లు మేత వేశాను, మూడోసారి వేయబోతే అవ్వ చెయ్యి పట్టుకుంది, అది లంచమంట.

ఇదంతా ఒక చుక్క వల్ల వచ్చింది. ఇంతకు ముందు నీళ్ళు వడకట్టడానికి స్పాంజి ఉండేది, రెండు రోజులకొకసారి తీసి పెరట్లో కడగాలి. తొట్టి ఈ మూల, పెరడు ఆ మూల, మధ్యలో మగ్గం. పోయిన నెల ఒక పొద్దున, స్పాంజి కింద గిన్నె పట్టుకోకుండా, ఫోనులో ఎవడో పంపిన వీడియో చూసుకుంటూ నడిచాను. చుక్క పడింది. జరీ అంచు మీద, ఆవగింజంత. మంచినీళ్ళయితే ఆరిపోయేది. అది నేను కలిపిన సముద్రం. ఆరినాక తెల్లగా మిగిలింది, తుడిస్తే జరీ మసకబారింది. నాయన తిట్టలేదు. తిట్టుంటే నేను ఏదో ఒకటి అని నవ్వించేవాణ్ణి, ఇరవై మూడేళ్ళుగా అట్లానే బతికాను. ఆయన మగ్గం దగ్గర కూర్చుని ఆ చుక్క దాకా నేత ఊడదీశాడు, మూరెడు, ఒక్కో పోగు వెనక్కి లాగుతూ. ఊడదీసి మళ్ళీ నేసేసరికి ఒకటిన్నర రోజు. నేసేటప్పుడు టక్ మని చప్పుడుంటుంది, ఊడదీసేటప్పుడు ఏ చప్పుడూ ఉండదు. ఆ మధ్యాహ్నం బంట్రోతు కూడా రాయి చాటుకు పోయాడు. పొద్దుమునిగినాక చెయ్యి కడుక్కుంటూ అన్నాడు, మగ్గమన్నా ఉండల్ల, సముద్రమన్నా ఉండల్ల. రెండూ ఉంటాయి నాయనా, తడి ఈ పక్క రాకుండా దానంతట అదే కడుక్కునే మిషనుండాది, అన్నాను. దానంతట అదా, అన్నాడు. ఇంట్లో నేను చెప్పే సంగతుల్లో ఈ మాట ఏ వరసలోకి వస్తుందో ఆయన ముఖం చూస్తే తెలిసింది. తాసిల్దారమ్మ రిటైర్ అయితే పింఛను వస్తుంది అనే వరస.

మిషను దేవేంద్రే తెప్పించాడు. మూడు రోజుల కింద పోయి తెచ్చాను. రైల్లో పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే ఎదురుగా చెనక్కాయలు వలుచుకుంటున్న ఆమె అడిగింది, ఏముందప్పా అందులో అని. ఫిల్టరు అని చెప్పుంటే అయిపోయేది. డయాలసిస్ మిషనక్కా, అన్నాను. ఎవరికి. మా ఇంట్లో చేపకు. ఆమె వలవడం ఆపింది. చేపకు కూడా వస్తాదా, అంది. వస్తాదక్కా, ఇది ఉప్పు నీళ్ళ చేప, ఉప్పు ఎక్కువ తినింది. రైలుపెట్టెలో అందరూ ఇటు తిరిగారు. పక్కనున్న ఎర్రతువ్వాలు పెద్దాయన తన బావమరిదికి కూడా ఉప్పే అన్నాడు. కిటికీ దగ్గర కూర్చున్న ఇద్దరు లేచి పెట్టెకు చోటిచ్చారు. పెనుకొండ వస్తోంది, కొండ కనబడింది, ఎవరో ఇంటంత గుండ్లను ఒకదాని మీద ఒకటి పెట్టి, పట్టుకోండి ఇప్పుడే వస్తానని చెప్పి పోయి రానట్టు ఆ కొండ, దానిమీద విరిగిన కోటగోడ, ఎండ. పెద్దాయన దిగుతూ నా భుజం మీద చెయ్యి వేసి, కదిరి నరసింహస్వామికి మొక్కుకో నాయనా, అన్నాడు. రెండడుగులు పోయి మళ్ళీ వెనక్కి వచ్చి, మనిషయితే తలనీలాలిస్తాము, చేపకు ఏమిస్తావు మరి, అని నిజంగా కష్టపడి ఆలోచించాడు. ప్లాట్‌ఫారం మీద నిలబడి కూడా ఆలోచిస్తూనే ఉన్నాడు, రైలు కదిలేదాకా. ఆ మనిషి ముఖం మూడు రోజులుగా నన్ను వదలడం లేదు. ఎగతాళి చేద్దామని మొదలుపెట్టాను, ధర్మవరం దిగేసరికి నేను కూడా తాసిల్దారమ్మ ఆరోగ్యం గురించి దిగులు పడుతున్నాను.

దిగులు ఇప్పుడు కూడా ఉంది, కానీ చుట్టూ హాయి ఎక్కువగా ఉంది, ఈ మాట పైకి అంటే పరువు పోతుంది. అవ్వ రాట్నం గుయ్యిమంటోంది, నాయన మగ్గం టక్ టక్ మంటోంది, నీళ్ళు బియ్యం కడుగుతున్నాయి, నేను ఇంట్లో ఏ పనీ చేయనివాణ్ణి ముగ్గురి పని మధ్యలో రెండు చేతులు చాపుకుని మేకులాగా ఉన్నాను. మేకుగా ఉండటం సుఖం. నాకు మగ్గం రాదు. పన్నెండేళ్ళప్పుడు వారం రోజులు కూర్చోబెట్టారు, నేను నేసిన జేబురుమాలు చూసి కొనడానికి వచ్చిన సేటు అది నేసింది మనిషేనా అని అడిగాడని నేనే ఊరంతా చెప్పాను, చెప్పి చెప్పి నిజమైపోయింది, నాయన కూడా నమ్మాడు, లే చదువుకోపో అన్నాడు. నిజానికి సేటు ఏమీ అడగలేదు. నిజానికి అది అంత చెడ్డగా కూడా లేదు. ఒక అంచు కొంచెం వంకర. ఎందుకు అట్లా చెప్పానో ఇప్పుడు గుర్తులేదు, వేసవి సెలవులు, బయట క్రికెట్టు, అంతే అయ్యుంటుంది. తాసిల్దారమ్మ అద్దం దగ్గరికి వచ్చింది, మగ్గం వైపు చూస్తోంది, వెనక బంట్రోతు. నాడె అటు పోతే అటు, ఇటు వస్తే ఇటు. నాలుగు వేళ్ళుందిరా, అన్నాడు నాయన, వెనక్కి తిరక్కుండా. నాలుగు వేళ్ళంటే అరగంట. తొందర పడొద్దు నాయనా, నేత చెడిపోతాది, అన్నాను. ఊ, అన్నాడు, వేగం పెంచలేదు, తగ్గించలేదు. అవ్వ నవ్వు ఆపుకుని దారం మీద దృష్టి పెట్టింది.

అప్పుడు వచ్చింది. గుర్ర్. సన్నగా, పొట్టలో ఆకలి కూసినట్టు. నా మెడ ఒక్కసారి తిరిగింది, చేతులు మాత్రం కదల్లేదు. బెండు తేలింది, మోటారు లేచింది. లేచి మూలుగుతోంది. గుర్ర్, గుర్ర్, ఆగి మళ్ళీ గుర్ర్. గుడ్డ కదల్లేదు. అటు చుట్టుకోవాల్సిన కర్ర బిగుసుకుని వణుకుతోంది, ఇటు తెల్లచుట్ట రాయిలాగా కూర్చుంది. నీళ్ళు పెట్టెలో వేలెడు పెరిగాయి. ఎందుకు, అనుకునేలోపలే కళ్ళు దాని మీద పడ్డాయి. తెల్లచుట్ట చివర తెగిన పట్టు దారం రెండు చుట్లు, పురిపెట్టి, పెట్టె కొక్కేనికి లాగి కట్టి ఉంది. నేనే కట్టాను. పొద్దున చుట్ట వదులుగా గలగలమంటుంటే చెవికి ఏదో తప్పు అనిపించింది, కింద పడున్న దారం తీసి బిగించాను, బిగించినట్టు కూడా గుర్తులేదు, చెమట తుడుచుకున్నట్టు చేసేశాను. మిషనుతో వచ్చిన కాగితంలో చుట్ట వదులుగా ఉండాలని రాసుంది, చదివాను కూడా. కానీ ఈ ఇంట్లో ఏ చుట్టనూ వదులుగా వదలరు. పడుగు వదులయితే నేత పోతుంది, అది నేను నేర్చుకోలేదు, ఈ గది గాలిలో ఉంటే ముక్కులోంచి లోపలికి పోయింది. ఆ పెట్టె చేసినవాళ్ళ ఇంట్లో మగ్గం లేదని నా చేతికి ఎవరూ చెప్పలేదు.

నీళ్ళు ఇంకో వేలెడు పెరిగాయి. అంచు దాటితే నేల మీద పడుతుంది, నేల వాలు గుంట వైపు, గుంట పైన చీర. చేతులు లాగేస్తే రెండడుగులు. లాగేస్తే చిలప చిక్కుపడుతుంది, అవ్వ మూడు రోజులు కూర్చుని విప్పాలి, సగం పారేయాలి. చేప, పట్టు. పట్టు, చేప. నా చేతులు పోలేదు. పోలేదు అంటే, నేను ఆపలేదు, అవే పోలేదు. నాయనా, అన్నాను. నా గొంతులో ఏముందో తెలియదు, మగ్గం ఆగింది.

ఏంరా.

మోటారు నడస్తాండాది, చుట్ట తిరగడం ల్యా.

యాలంట.

బిగువు ఎక్కువైండాది. నేనే కట్టినా.

పోయి ఒదులు మరి.

నేను చేతులు చూపించలేదు, చూపించాల్సిన పని లేదు, అవి అట్లనే చాపుకుని ఉన్నాయి. నాయన తిరిగి వాటిని చూశాడు, చిలపను చూశాడు, పెట్టెలో నీళ్ళను చూశాడు. గుంటలోంచి లేచాడు. ఆయన మోకాళ్ళు టకటకమన్నాయి. పని మధ్యలో ఆయన అట్లా లేవడం నేను పుట్టిన రోజు ఒకసారి జరిగిందంటారు, అది కూడా అవ్వ చెప్పిందే. వచ్చి వంగి ముడి చూశాడు. నీళ్ళు అంచుకు అరవేలు దూరం. ఆయన తొందరపడలేదు, ఆయన ఎప్పుడూ దేనికీ తొందరపడలేదు.

ఎవురేసిరి ఈ ముడి.

నేనే నాయనా.

మగ్గం రాదంటివే.

రాదు.

ఊ, అన్నాడు. దారం కొస పట్టుకుని ఒక్క లాగు లాగాడు. ముడి నీళ్ళలో చక్కెరలాగా విడిపోయింది. ఒక్క లాగుకు విడిపోయే నేతగాళ్ళ ముడి అది, బిగించేటప్పుడే విప్పే చేతిని కూడా తలుచుకుని వేసేది. తెల్లచుట్ట ఒక్కసారి గలగలమని దొర్లింది. చాయ్ రంగు గుడ్డ అటు పోయింది, నాలుగు వేళ్ళ తెలుపు ఇటునుంచి వచ్చింది. నీళ్ళు బుడుక్కుమని దిగాయి. మోటారు నిద్రపోయింది. నాయన వంగినవాడు వంగినట్టే ఉన్నాడు. తాసిల్దారమ్మ ఆయన ముక్కుకు ఎదురుగా అద్దం అవతల నిలబడింది, వెనక బంట్రోతు. ముగ్గురూ కాసేపు ఒకరినొకరు ఇన్‌స్పెక్షను చేసుకున్నారు. తర్వాత ఆయన దారం ముక్కను పారేయకుండా చెవి మీద పెట్టుకుని పోయి గుంటలో కాళ్ళు వేశాడు.

షరతు గుర్తొచ్చింది. దానంతట అది. మనిషి చెయ్యి పడకుండా. అవ్వ రాట్నం ఆపి, కళ్ళద్దాలు పైకి తోసి, కోర్టులో జడ్జిలాగా గొంతు సవరించుకుంది.

తిరిగింది. దానంతట అదే తిరిగింది. నేను చూసినా.

అవ్వా, నాయన లేచి దాన్ని...

నోరు మూసుకోరా. దారం తెగుతాది.

అవునన్నట్టు నాయన నాడె విసిరాడు. ధర్మవరంలో మొహం మార్చకుండా అబద్ధం ఆడే హక్కు నాదొక్కడిదే అని ఇన్నాళ్ళూ అనుకున్నాను, ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆలోచించలేదు. రాట్నం మళ్ళీ గుయ్యిమంది. టక్, టక్. మూడు వేళ్ళు. రెండు వేళ్ళు. వీధిలో ఐసుబండి గంట పోయింది. దారం బొటనవేలు దాటుతోంది, చిలప సన్నబడుతోంది, చేతులు తేలికవుతున్నాయి, చేపలు ఉంటాయి, ఉంటాయి, ఉంటాయి. కానీ గెలుపు ఇచ్చారు, నేను గెలవలేదు. నాకిట్లాంటి పట్టింపులు ఎప్పట్నుంచి వచ్చాయో.

రెండు వేళ్ళు ఒక వేలయ్యే ముందు, ఎవరూ అటు చూడకుండా ఉన్నప్పుడు, మూలలో గుర్ర్ మంది. ఇంకా సగం చాయ్ రంగే ఉన్న గుడ్డ నాలుగు వేళ్ళు జరిగింది. నీళ్ళు బుడుక్కుమన్నాయి. ఆగింది. నా చేతులు పట్టులో ఉన్నాయి, నాయన చేతులు నాడె మీద ఉన్నాయి, అవ్వ చేతులు రాట్నం మీద ఉన్నాయి. అవ్వను చూశాను, ఆమె దారాన్ని చూస్తోంది. నాయన వీపు చూశాను, అది వీపులాగానే ఉంది. నోరు తెరిచాను, చెబితే నమ్మరు, నేనయినా నమ్మను, మూసుకున్నాను.

ఇనబడిందిలే, అన్నాడు నాయన, నాడె విసురుతూ. రేపు కొత్త పడుగు ఎక్కించల్ల. ఆ పక్క బిగువు నువ్వు కట్టు.